యంత్రమా, మనిషా

జూన్ 2

ఇవాళ పైకి మాట్లాడినవి మూడు వాక్యాలు. పాలు పోసే ఆవిడతో, "రేపట్నించి అర లీటరు చాలు." ఈసీజీ యంత్రం తీసుకుపోవడానికి వచ్చిన ఆస్పత్రి డ్రైవరుతో, "ఇంకా పరీక్షించలేదు, శుక్రవారం రా." మూడోది బల్లతో. అది రాయను.

చాలాసేపు మాట్లాడకపోతే గొంతు గీరుకుపోతోంది. చేతికి ఆ ఇబ్బంది లేదు. అందుకే ఈ నోటుపుస్తకం.

జూన్ 3

ఎందుకు పరీక్షించలేదో డ్రైవరుకు చెప్పలేదు. ఈసీజీ యంత్రం బాగుచేశాక ఒక గుండెకు తగిలించి చూసుకోవాలి. ఆ పనికి సిమ్యులేటర్ అని ఒక పెట్టె దొరుకుతుంది, గుండె గీసే గీతలాంటిదే అదీ పుట్టిస్తుంది. నేను కొనలేదు. ఇరవై రెండేళ్ళు, ఏ యంత్రం బాగుచేసినా, మేడమీంచి మా ఆవిడను పిలిచి షాపులో ఈ బల్ల మీద పడుకోబెట్టాను. చేతులకూ కాళ్ళకూ క్లిప్పులు, ఛాతీకి ఆరు బిళ్ళలు. ఆమె గీత సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు.

పడుకుని వీధి కబుర్లన్నీ చెప్పేది. "మాట్లాడకు, గీత వణుకుతోంది" అనేవాణ్ణి.

"మాట్లాడితే మీ గీత వణుకుతుంది, మాట్లాడకపోతే నాకు వణుకొస్తుంది. ఏదో ఒకటి భరించండి" అనేది.

ఇవాళ తీగలు నాకే తగిలించుకుని పడుకున్నాను. మీట నొక్కడానికి లేస్తే రెండు ఊడిపోయాయి. మళ్ళీ తగిలించి మళ్ళీ లేచాను. పని కాలేదు.

జూన్ 5

మరదలు ఫోన్ చేసింది. తిన్నారా అంది. తిన్నానన్నాను. ఏం తిన్నారంది. వెంటనే ఏదీ తోచలేదు.

"అబద్ధం చెప్తే అతికినట్టుండాలి బావా" అంది.

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే గొంతు. ఫోన్‌లో మరీనూ. పెట్టేశాక కాసేపు ఫోన్ చేతిలోనే ఉంచుకున్నాను.

జూన్ 9

ఒక గుండె డాక్టరమ్మ షాపుకు వచ్చింది. నలభై దాటి ఉంటాయి. పెద్దాస్పత్రిలో ఉద్యోగం మానేసిందట. ఛాతీనొప్పి ఉన్నవాళ్ళకు చవగ్గా గుండె పరీక్ష చేసే క్యాంపు పెడుతోంది.

"పెద్దాస్పత్రిలో ఛాతీనొప్పి అనగానే స్కాన్ రాస్తారండీ. ధర వినగానే సగం మందికి నొప్పి తగ్గిపోతుంది, లేచి ఇంటికెళ్ళిపోతారు. నేను నాలుగు ప్రశ్నలడిగి, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీస్తాను. పదిమందిలో స్కాన్ నిజంగా ఎవరికి కావాలో తేలిపోతుంది. మిగతావాళ్ళకు రానూపోనూ బస్సు ఛార్జీతో సరి."

దానంగా నాలుగు పాత యంత్రాలు వస్తాయట. ఒక జిమ్ వాళ్ళు పారేసిన ట్రెడ్‌మిల్ ఉందట. అవి నడవాలంటే నేను కావాలట.

"పడుకోబెట్టి తీసే ఈసీజీ చాలదా?" అన్నాను.

"సగం గుండెలు పడుకున్నప్పుడు బుద్ధిమంతులే మెకానిక్ గారూ. పని చెప్పినప్పుడే గుట్టు బయటపడేది. మీకు తెలియందా?"

తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

ఆలోచించి చెబుతానన్నాను. వెళుతూ వెళుతూ, "మీ ఆవిడ సంగతి విన్నాను. ముందుగా సూచనలేమైనా..." అంది.

"ఏమీ లేవు" అన్నాను.

జూన్ 10

ఏ సూచనా లేదు. ఏప్రిల్ 14న బస్టాపులో బెంచీ మీద కూర్చుని ఉండగా పోయింది. ఒళ్ళో చెల్లెలి కోసం కొన్న దారం రీళ్ళ సంచి. పక్కన కూర్చున్నతను ఎవరో ఆమె ఫోన్ నుంచే నాకు చేశాడు. "ఇందులో మీ పేరు 'ఏమండీ' అని ఉందండీ, మీరు భర్తేనా?" అని అడిగాడు.

ఆస్పత్రిలో కూడా అదే అన్నారు. గుండెపోటు ఒక్కోసారి చెప్పాపెట్టకుండా వస్తుందని.

జూన్ 11

ఏ సూచనా లేదు.

జూన్ 14

ఒప్పుకున్నాను. ఇంట్లో కూర్చుని చేసేదేముంది.

ట్రెడ్‌మిల్ బెల్టు రెండు చోట్ల చిరిగింది. కుట్టించాలి. మోటారు మంచిదే, వాడినవాళ్ళెవరూ ఎక్కువ నడిచినట్టు లేదు.

జూన్ 17

క్యాంపు మొదటి రోజు. ఇరవై తొమ్మిది మంది.

మూతపడ్డ బట్టల దుకాణం ఒకటి ఇచ్చారు. అద్దాల బీరువాలు ఖాళీగా ఉన్నాయి, గోడ మీద "మార్పిడి లేదు" అన్న బోర్డు అలాగే ఉంది. బట్టలు వేసుకుని చూసుకునే చిన్న గదుల్లోనే సిస్టర్ అందరికీ బిళ్ళలు అంటిస్తోంది. మూడు వైపులా అద్దాలు. నొప్పితో వచ్చిన మనిషి చొక్కా విప్పి ఒకేసారి ముగ్గురుగా కనిపిస్తాడు.

ఒక ముసలి తాపీమేస్త్రీ. బిళ్ళలు అంటాలంటే ఛాతీ మీద వెంట్రుకలు తీయాలి. సిస్టర్ రేజరు పట్టుకోగానే గోల.

"తల్లీ, పెళ్ళికి కూడా ఇంత నున్నగా గీయించుకోలేదు."

"పెళ్ళిలో గుండె చూపించక్కర్లేదుగా తాతా."

"చూపించి ఉంటే ఆవిడ అప్పుడే పారిపోయేది. ఇద్దరం బాగుపడేవాళ్ళం."

మూడో నిమిషంలో అతని గీత పిచ్చెత్తినట్టు ఎగిరింది. డాక్టరమ్మ తెర మీంచి చూపు తిప్పకుండా, "యంత్రమా, మనిషా?" అంది.

"యంత్రం. చెమటకు బిళ్ళ జారింది."

తుడిచి మళ్ళీ అంటించాను. గీత దారికొచ్చింది. మేస్త్రీ తొమ్మిది నిమిషాలు నడిచాడు. గుండె బ్రహ్మాండంగా ఉంది, కడుపులో మంటకు మందు వాడమంది డాక్టరమ్మ.

"నాకు గుండె ఉందని మా ఆవిడకి ఫోన్ చేసి మీరే చెప్పండమ్మా. నా మాట నమ్మదు" అన్నాడు.

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి చెప్పాలనుకున్నాను. గేటు తీసేదాకా గుర్తు రాలేదు, ఎవరికి చెబుతానని.

జూన్ 20

ఇవాళ ఒక బస్సు కండక్టరు. నాలుగో నిమిషంలో గీత కిందికి కుంగడం మొదలైంది.

"యంత్రమా, మనిషా?"

"యంత్రం" అన్నాను. తీగ మార్చాను. గీత అలాగే ఉంది. ఇంకో తీగ మార్చబోయాను. డాక్టరమ్మ ట్రెడ్‌మిల్ ఆపేసి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నాలుక కింద మాత్ర పెట్టింది. గంటలో పెద్దాస్పత్రికి పంపింది. వాళ్ళతో తక్కువ ధరకు ముందే మాట్లాడుకుని ఉంచింది.

అందరూ వెళ్ళాక నాతో అంది. "ఈ నాలుగు రోజుల్లో మిమ్మల్ని పద్నాలుగుసార్లు అడిగాను. పద్నాలుగుసార్లూ యంత్రమే అన్నారు. పదమూడుసార్లు మీరే కరెక్టు, కాదనను. కానీ చూడకముందే అంటున్నారు."

"నా పని అదేగా."

"మీ పని చూడటం."

తీగ మార్చడానికి నిమిషమున్నర పట్టింది. అంతే. కండక్టరు బాగానే ఉన్నాడు.

జూన్ 22

మరదలు వచ్చింది. బడులు తెరిచారు, దాని కుట్టుమిషన్ మీద నూట నలభై జతల యూనిఫారాలున్నాయి. అయినా వచ్చింది. వచ్చీరాగానే వంటగదిలో గిన్నెలు చూసి, "కడిగినవేనా ఇవి?" అని మళ్ళీ కడిగింది. తర్వాత మెల్లగా బయటపెట్టింది.

పది నిమిషాలు ఆపకుండా మిషన్ తొక్కితే ఛాతీ మధ్యలో ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించినట్టుంటుందట. ఆపి నీళ్ళు తాగితే పోతుందట. నెలన్నరగా.

"నెలన్నరగానా?"

"అక్క పోయిన బెంగ అనుకున్నా. ఇంట్లో కూడా అదే అన్నారు."

క్యాంపుకు రమ్మన్నాను. నడిపించి చూస్తారు, పావుగంట పని అన్నాను.

"అంతమందిలో జాకెట్టు విప్పించుకుని పరిగెత్తడమా? మీరుండగా నాకు క్యాంపెందుకు బావా? అక్కకి తీసినట్టే తీసిపెట్టండి. మీ బల్ల, మీ డబ్బా."

తీశాను.

బల్ల మీద పడుకుంది. ఆమె పడుకున్న బల్ల. అదే పొడుగు. కాలి వేళ్ళు కూడా అదే తీరు. గీత చక్కగా వచ్చింది. ఎక్కడా వంక లేదు. కాగితం చింపి ఇచ్చాను.

"ఏం లేదుగా?"

"ఇందులో ఏం లేదు" అన్నాను. 'ఇందులో' అన్నాను. గట్టిగా అన్నానో లేదో.

"హమ్మయ్య" అని కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

జూన్ 23

'ఇందులో' అన్నాను. రేపు ఫోన్ చేసి వివరంగా చెబుతాను.

జూన్ 24

పొద్దున చేశాను. మిషన్ చప్పుడులో వినపడలేదంది. సాయంత్రం చేస్తానంది. చేయలేదు.

జూన్ 25

నేనూ చేయలేదు.

జూన్ 27

దానంగా రావాల్సిన నాలుగో యంత్రం ఇవాళ వచ్చింది. పెట్టెలోంచి తీసి బోర్లించాను. అడుగున తెల్ల కాగితం అంటించి ఉంది. చేతిరాత నాదే.

"ఫిల్టర్ లోపం. బోర్డు మార్చబడింది. 26 మార్చి."

ఒక క్లినిక్ వాళ్ళది. కొత్తది కొనుక్కుని దీన్ని క్యాంపుకు ఇచ్చేశారు. "ఇది మీరు బాగుచేసిందేనా? అయితే నిశ్చింత" అంది డాక్టరమ్మ.

జూన్ 28

మార్చి 26 గురించి రాయాలి. రేపు.

జూన్ 29

ఇవాళ ఆదివారం. క్యాంపు లేదు. పొద్దున్నే కూర్చున్నాను. ముందు బోర్డు సంగతి.

తీసేసిన పాత బోర్డును నేనెప్పుడూ పారేయను. రేకు డబ్బాలో వేస్తాను, అవసరానికి భాగాలు ఊడదీసుకోవచ్చని. మార్చి 26న తీసిన బోర్డు డబ్బాలో పైనే ఉంది. తర్వాత బోర్డులేవీ మార్చలేదు కాబట్టి. యంత్రం విప్పి, కొత్త బోర్డు తీసి, పాతది పెట్టాను. క్యాంపు కోసం డాక్టరమ్మ కొన్న సిమ్యులేటర్‌ను ఇంటికి తెచ్చుకున్నాను. తగిలించాను.

గీత సరిగ్గా ఉంది.

మూడుసార్లు తీశాను. వేడెక్కితే చెడుతుందేమోనని గంటసేపు ఆన్‌లో ఉంచి మళ్ళీ తీశాను. బోర్డు తట్టి చూశాను. తీగలు లాగి చూశాను. చెడాలని చూశాను. ఆ బోర్డులో ఏ లోపమూ లేదు. అప్పుడూ లేదు.

ఇక మార్చి 26.

మధ్యాహ్నం. ఆమె పెద్ద నీళ్ళ డబ్బా మేడమీదికి చేర్చి కిందికి వచ్చింది. నేను మోయాల్సిందే, సాయంత్రం మోస్తానన్నాను. "మీ సాయంత్రాలు నాకు తెలుసు" అని తనే మోసింది. షాపు గుమ్మం పట్టుకుని నిలబడి, "ఏమండీ, ఇక్కడ కాస్త పట్టేసినట్టుంది" అంది. చెయ్యి ఛాతీ మీద ఉంది.

ఎలాగూ యంత్రం పరీక్షించాలి, పడుకో అన్నాను.

గీత వచ్చింది. ప్రతి దెబ్బ తర్వాత సమంగా సాగాల్సిన చోట కిందికి కుంగి ఉంది. ఏదో చెప్పబోయింది. "మాట్లాడకు" అన్నాను.

ఆమె గీత నాకు నా సంతకం కంటే బాగా తెలుసు. అది అలా ఉండదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ అలా లేదు. ఆమె గీతను పెట్టి వందల యంత్రాలను సరిదిద్దాను. కాబట్టి తప్పు యంత్రానిదే. గీతలో వణుకును వడకట్టే ఫిల్టర్ చెడితే సరిగ్గా అక్కడే గీత కుంగుతుంది, ఇది పుస్తకాల్లోనే ఉంది. కాగితం నలిపి బుట్టలో పడేశాను. "లేవకు, ఇది చెడింది, ఇప్పుడే బాగుచేస్తా" అని యంత్రం విప్పాను.

బోర్డు మార్చడానికి నలభై నిమిషాలు. ఆమె కళ్ళు మూసుకుని పడుకుంది. నుదుటి మీద చెమట పడితే ఫ్యాను ఇటు తిప్పాను. అంత మాత్రం చూశాను.

మళ్ళీ తీశాను. గీత ఎప్పటిలా వచ్చింది.

"చూశావా, బాగయింది."

"ఏది?"

"యంత్రం."

"నాకూ బాగానే ఉందండీ" అని లేచి, క్లిప్పులు తనే తీసుకుని, పైకి వెళ్ళింది.

యంత్రం అడుగున కాగితం అంటించాను. ఆ రోజు మంచి పని చేశానన్న తృప్తి కూడా ఉంది. అది కూడా రాయాలి.

ఏప్రిల్ 14కు పంతొమ్మిది రోజులు.

జూన్ 30

వంకలేని గీత ఒకటి మడిచి జాకెట్లో పెట్టుకుని మరదలు మిషన్ తొక్కుతోంది.

జూలై 1

వెళ్ళాను.

దాని షాపు వీధి గది. ఒక మూల కుట్టిన నీలం లాగులు, ఒక మూల కుట్టాల్సినవి. తోడల్లుడు లారీతో ఊరెళ్ళాడు, రెండు రోజుల్లో వస్తాడు. నన్ను చూసి మిషన్ ఆపకుండానే, "రండి రండి, దారి తప్పారా?" అంది.

"రేపు క్యాంపుకు రావాలి నువ్వు."

"మొన్న తీశారుగా."

"పడుకోబెట్టి తీసింది చాలదు. నీ నొప్పి పడుకున్నప్పుడు రాదు."

"అక్కకి అన్నేళ్ళు పడుకోబెట్టే తీశారు. అప్పుడు చాలిందేం?"

"చాలలేదు."

మిషన్ ఆగింది.

చెప్పాను. నిలబడే చెప్పాను. నీళ్ళ డబ్బా, గుమ్మం, ఛాతీ మీద చెయ్యి, కుంగిన గీత, బోర్డు, నలభై నిమిషాలు. ఆదివారం పాత బోర్డు పెట్టి చూసింది కూడా. నేను అనుకున్న దానికంటే తొందరగా అయిపోయింది. మూడు నెలలు దాచింది మూడు నిమిషాలు పట్టలేదు.

మరదలు చేతిలో గుడ్డ అలాగే ఉంది. సూది దిగి ఉంది.

"అక్క ఏమంది అప్పుడు?"

"ఏదో చెప్పబోయింది. మాట్లాడొద్దన్నాను."

సూది పైకి లేపింది. తర్వాత గుడ్డకేసి చూస్తూ మాట్లాడింది.

"ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. గుండెల్లో పట్టేస్తే భయమేసిందే అంది. డాక్టరుకి చూపించుకో, నేను తోడొస్తా అన్నాను. నవ్వింది. 'అక్కర్లేదే, తప్పు డబ్బాదట. మీ బావ బాగుచేశారు. ఎంత హాయిగా ఉందో' అంది."

ఎంత హాయిగా ఉందో.

"నేనూ నమ్మాను బావా. మీరు చెప్పారంది కదా అని నేనూ నమ్మాను."

కింద పడ్డ దారం రీలు తీసి మిషన్ పక్కన పెట్టాను.

"వెళ్ళండి" అంది.

గుమ్మం దిగాక వెనకనుంచి, "ఎల్లుండి వస్తాను. ఆయన కూడా వచ్చేస్తారు. కానీ మీరు ఆ గదిలో ఉండకూడదు. నా గీత మీరు చూడకూడదు" అంది.

సరేనన్నాను.

జూలై 2

డాక్టరమ్మకు చెప్పాను, రేపు వచ్చే ఒకామె పరీక్షప్పుడు నేను బయట ఉంటానని. ఎందుకని అడగలేదు. "మీ బంధువా?" అంది. అవునన్నాను.

ట్రెడ్‌మిల్ బెల్టుకు నూనె రాశాను. తీగలన్నీ ఒక్కొక్కటే చూశాను. కొత్త బిళ్ళలు వేరుగా తీసి ఉంచాను. ఏ తప్పూ ఉండకూడదు. యంత్రానికి సంబంధించినంత వరకు.

జూలై 3

వచ్చింది. తోడల్లుడు లారీ దిగినవాడు దిగినట్టే వెంట వచ్చాడు. ఆయనకు చెప్పిందో లేదో తెలియదు. "ఏం అన్నయ్యగారూ, సన్నబడ్డారు" అన్నాడు. చెప్పలేదనుకుంటాను.

నేను వరసలో వాళ్ళతోపాటు బయట బల్ల మీద కూర్చున్నాను. మధ్యలో ఒక గుడ్డ తెర. ట్రెడ్‌మిల్ చప్పుడు వినపడుతోంది. మొదటి వేగం మూడు నిమిషాలు. రెండోది మొదలవగానే మోటారు గొంతు మారుతుంది. దాని అడుగులు కూడా వినపడుతున్నాయి. పక్కనున్నావిడ, "మీవాళ్ళెవరైనా లోపలున్నారా?" అంది. "మా మరదలు" అన్నాను. "ఏం కాదులెండి, నడక డాక్టరమ్మ మంచిది" అంది.

ఐదో నిమిషంలో డాక్టరమ్మ గొంతు.

"యంత్రమా, మనిషా?"

అలవాటుగా అడిగింది. సిస్టర్ తడబడింది. "తెలీడం లేదు మేడమ్, కదలిక వల్లేమో." మళ్ళీ డాక్టరమ్మ, ఈసారి గట్టిగా, "మెకానిక్ గారూ!"

గుడ్డ తెర తప్పించుకుని లోపలికి వెళ్ళాను.

మరదలు నన్ను చూసింది. నడుస్తూనే ఉంది. ముఖం పాలిపోయింది. వద్దనలేదు. చెయ్యి కమ్మీ మీంచి లేచి ఛాతీ మీదికి వచ్చింది. అదే చోటికి.

తెర మీద గీత కుంగి ఉంది.

నా చెయ్యి తీగల వైపు వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. వెనక్కి తీసుకున్నాను.

"మనిషి" అన్నాను. "యంత్రం బాగానే ఉంది. మనిషే. ఆపండి."

డాక్టరమ్మ అప్పటికే ఆపేసింది.

జూలై 4

రెండు రక్తనాళాలు. ఒకటి దాదాపు పూర్తిగా పూడిందట. స్కాన్‌లో తేలింది. ఇంకో పది రోజులు ఆగి ఉంటే అని పెద్దాస్పత్రి డాక్టరు ఏదో మొదలుపెట్టాడు. తోడల్లుడు చెవులు మూసుకున్నాడు. పెద్ద లారీలు తోలే మనిషి.

జూలై 6

స్టెంట్లు వేశారు. క్షేమం. ఫోన్‌లో తోడల్లుడు ఏడుస్తూ, "మీరు లేకపోతే మాకు దిక్కెవరు అన్నయ్యగారూ" అన్నాడు.

నిజం చెప్పలేదన్నమాట ఆయనకు.

జూలై 7

వెళ్ళలేదు.

జూలై 8

కూడా.

క్యాంపులో ముప్ఫై మూడు మంది. డాక్టరమ్మ ఇవాళ ఆరుసార్లు అడిగింది. ప్రతిసారీ ముందు మనిషి ముఖం చూశాను, తర్వాత తీగలు. ఆరుసార్లూ యంత్రమే. ఆరోసారి చెప్పేముందు ముఖం ఇంకోసారి చూశాను. డాక్టరమ్మ గమనించింది.

యంత్రం అడుగున కాగితం ఇంకా ఉంది. పీకబోయాను. ఒక మూల లేచింది. వదిలేశాను.

జూలై 9

వెళ్ళాను. నాలుగు గంటలకు, ఆస్పత్రికి. తోడల్లుడు నన్ను కూర్చోబెట్టి టీకని కిందికి వెళ్ళాడు.

మరదలు దిండుకు ఆనుకుని ఉంది. రంగు తిరిగింది. యూనిఫారాల సంగతి అడిగాను. పక్కింటావిడ కుడుతోందట, కాజాలు వంకరగా వేస్తోందట.

"బావా, ఒకటి అడుగుతాను. నన్ను ఓదార్చకుండా చెప్పండి."

"అడుగు."

"ఆ రోజు అక్క గీత నా గీతలాగే ఉందా?"

"అలాగే ఉంది."

"ఇంతే కుంగిందా?"

'ఇంతకంటే ఎక్కువే' అని ఒక్క అబద్ధంతో పోయేది, ఆడలేదు. "నీ అంత లేదు. నీకంటే తక్కువే" అన్నాను.

"అంటే ఇలా మంచమెక్కి, ఇలా దిగే టైము అక్కకీ ఉంది."

"ఉంది."

"ఎన్ని రోజులు?"

"పంతొమ్మిది."

గోడవైపు తిరిగింది. దుప్పటి భుజాల దాకా లాక్కుంది. ఏడుస్తోందో లేదో తెలియలేదు. అడగలేదు. వెనకనుంచి జడ చూస్తే ఆమే అనిపిస్తుంది. అలా చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో.

"ఆయనకి చెప్పలేదు నేను" అంది, గోడతో. "మీ మీద జాలితో కాదు. అక్క మిమ్మల్ని తెలివైనవారనేది, ఆ మాట ఇంకా వినాలని ఉంటుంది నాకు. అక్క లేదు, ఆయనైనా అంటారని."

తోడల్లుడు టీలు తెచ్చాడు. నా కప్పు చేతిలోనే చల్లారింది.

ఐదింటికి లేచాను. "రేపు వస్తాను" అన్నాను.

"రేపు రాకండి బావా."

సరేనన్నాను. తలుపు దాకా వెళ్ళాను.

"ఎల్లుండి రండి" అంది.